సెప్టిక్ ట్యాంక్ కట్టే ముందు మట్టిని, భూగర్భ నీటిని పరీక్షించుకోవడం ఎలా?

ఊరి చివర ప్లాటు కొన్నవాళ్లు, సొంతూళ్లో ఇల్లు మొదలుపెట్టినవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "సెప్టిక్ ట్యాంక్ ఎంత సైజు కట్టాలి?" అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, ట్యాంక్ నుంచి బయటికొచ్చే నీళ్లు ఎక్కడికి పోతాయన్నది. ట్యాంక్ గట్టి పదార్థాన్ని అడుగున ఆపి కొంత కుళ్లబెడుతుంది, అంతే. బయటికొచ్చే నీటిలో రోగక్రిములు ఇంకా ఉంటాయి. వాటిని వడకట్టాల్సింది సోక్ పిట్ (ట్యాంక్ నీళ్లను నేలలోకి ఇంకించే గుంత) చుట్టూ, కిందా ఉండే పొడి మట్టి.

మన దగ్గర లోతు మీద మోజు ఎక్కువ. "ఇంకో నాలుగు వరలు దింపితే జన్మలో నిండదు" అని మేస్త్రీ అంటాడు, మనం తలూపుతాం. ఊట తగిలేదాకా తవ్విన గుంత ఎండాకాలంలో నిండకపోవచ్చు. నిండకపోవడానికి కారణం, మురుగు వడకట్టుకోకుండానే నేల నీళ్లలో కలిసిపోవడం. ఆ నీళ్లే ఎవరిదో ఒకరి బావిలోకి, బోరులోకి వెళ్తాయి.

కాబట్టి తేల్చుకోవాల్సినవి మూడు: కింద ఏ మట్టి ఉంది, అది నీటిని ఎంత వేగంగా పీలుస్తోంది, వానాకాలంలో నీటి మట్టం ఎంత పైకి వస్తోంది. ఇంటి ప్లాన్ ఖరారు కాకముందే ఈ పని చేయాలి. మీ వీధిలో పనిచేసే అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉంటే ఇదేమీ అక్కర్లేదు, కనెక్షన్ తీసుకోండి.

## 1. ముందు ప్లాటు బొమ్మ గీయండి

తెల్ల కాగితం మీద స్కేలుతో ప్లాటు గీసి, టేపుతో కొలిచి ఇవన్నీ గుర్తించండి:

- మీ బోరు లేదా బావి, వేయబోయే బోరు స్థలం
- నాలుగు వైపులా పక్కవాళ్ల బోర్లు, చేద బావులు, సోక్ పిట్‌లు
- నేల వాలు ఎటు, వాన నీళ్లు ఎక్కడ నిలుస్తాయి
- దగ్గర్లోని చెరువు, కాలువ, వాగు, వరి మడి
- వాన నీటి ఇంకుడు గుంత ఉంటే దాని స్థలం
- ఎక్కడైనా మట్టి పోసి మెరక చేసి ఉంటే ఆ హద్దులు

సెప్టిక్ ట్యాంకులకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 2470 రెండో భాగం (1985) ప్రకారం సోక్ పిట్ తాగునీటి బావి నుంచి కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగుల దూరంలో ఉండాలి. నివాస భవనం నుంచి 6 మీటర్లు ఉండాలి.

ఇక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. 200 గజాల ప్లాటు సాధారణంగా 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉంటుంది. బోరు ముందు మూల, సోక్ పిట్ వెనక ఎదురు మూల పెడితే మీ బోరు వరకు దూరం సరిపోతుంది. కానీ వెనక ఇంటివాళ్ల బోరు మీ గోడకు ఆనుకునే ఉండొచ్చు. గోడ అవతల ఏముందో చూడకుండా స్థలం ఖరారు చేయకండి. ఇంటి నుంచి 6 మీటర్లు ఇలాంటి ప్లాటులో దాదాపు కుదరదు. అలాంటప్పుడు ఎంత తగ్గించవచ్చో, పునాదికి ఇబ్బంది ఉంటుందో లేదో ఇంజినీర్‌తోనే తేల్చుకోవాలి. నల్లరేగడిలో అయితే పునాది పక్కన నీళ్లు ఇంకించడం అసలు మంచిది కాదు. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది.

18 మీటర్ల లెక్క సోక్ పిట్‌కు, ఇంకించే కందకానికి (తక్కువ లోతులో పొడవుగా తవ్వి నీళ్లు ఇంకించేది) వర్తిస్తుంది. నీళ్లు కారని విధంగా కట్టిన ట్యాంక్ ఇంటికి కాస్త దగ్గరగా ఉన్నా నడుస్తుంది. అడుగున కాంక్రీటు వేయకుండా వరలు దింపి "సెప్టిక్ ట్యాంక్" అని పిలిస్తే మాత్రం అది ట్యాంక్ కాదు, సోక్ పిట్టే. దూరాలన్నీ దానికీ వర్తిస్తాయి.

## 2. ఎప్పుడు పరీక్షించాలి

నీటి మట్టం ఏడాదిలో అన్నిటికంటే పైకి వచ్చే రోజుల్లో చూడాలి. మే నెలలో చూసిన మట్టాన్ని నమ్మి తవ్విన గుంత అక్టోబరులో వెనక్కి తన్నుతుంది.

తెలంగాణలో, ఉత్తర కోస్తాలో నైరుతి వానలు ముగిసే సెప్టెంబరు నుంచి నవంబరు వరకు చూడండి. నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి కాబట్టి నవంబరు, డిసెంబరు మేలు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వానతోపాటు కాలువ కూడా లెక్కలోకి వస్తుంది. కాలువలు పారుతూ, మడుల్లో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు మట్టం పైకొస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక దిగిపోతుంది. సాగర్ ఆయకట్టు ఊళ్లలోనూ ఇదే వరస.

వానాకాలం దాకా ఆగే వీలు లేకపోతే దగ్గరి చేద బావి ఉన్నవాళ్లను అడగండి: "వానల్లో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉంటాయి?" బావి లోపలి ఒరల మీద నీటి చారలు కూడా చాలావరకు నిజం చెప్తాయి. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలన బావుల్లో మట్టాన్ని ఏటా నాలుగు విడతలు కొలుస్తుంది. అందులో నవంబరు విడత మీకు పనికొస్తుంది. రాష్ట్ర భూగర్భ జల శాఖ జిల్లా కార్యాలయంలోనూ దగ్గరి పీజోమీటర్ (నీటి మట్టం కొలవడానికే వేసిన బోరు) లెక్కలు అడగవచ్చు.

## 3. పరీక్ష గుంత తవ్వించండి

సోక్ పిట్ రాబోయే చోటికి రెండు మూడు మీటర్ల పక్కన జేసీబీతో ఒక గుంత తీయించండి. సరిగ్గా అదే చోట వద్దు. తవ్వి పూడ్చిన మట్టి గుల్లగా ఉండి, తర్వాత చేసే ఇంకుడు పరీక్షను తప్పుదోవ పట్టిస్తుంది.

లోతు ఎంత? అనుకుంటున్న సోక్ పిట్ అడుగుకు మరో 2 మీటర్లు కలపండి. మధ్యలో గట్టి రాయి తగిలితే అక్కడే ఆగి ఆ లోతు రాసుకోండి.

జాగ్రత్త: ఛాతీ లోతు దాటిన గుంతలోకి ఎవరినీ దించకండి. గోడలు చెప్పకుండా కూలుతాయి. బకెట్ పైకి తెచ్చిన మట్టిని వరుసగా కుప్పలు పోయించి అక్కడే చూడండి. తవ్విన మట్టిని గుంత అంచుకు కనీసం మీటరు దూరంలో వేయించాలి. పని కాగానే చుట్టూ కంచె కట్టండి, పిల్లలు, పశువులు తిరిగే చోటు మరీ ముఖ్యం. పాత సోక్ పిట్‌ను చూడటానికైతే అసలు దిగవద్దు, అందులోని విషవాయువులు క్షణాల్లో ప్రాణం తీస్తాయి.

ప్రతి పొరకూ ఇవి రాసుకోండి: ఎన్ని అడుగుల నుంచి ఎన్ని అడుగుల దాకా, రంగు, గరుకా జిగటా, రాళ్లు ఎన్ని, చెమ్మ ఎక్కడ మొదలైంది, వేళ్లు ఎక్కడిదాకా దిగాయి. పక్కన టేపు వేలాడదీసి ఫోటో తీయండి.

తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల పైన ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద పగుళ్ల గ్రానైట్ రాయి కనిపిస్తాయి. మొరం బాగా ఇంకిస్తుంది. పగుళ్ల రాయి ఇంకా వేగంగా "ఇంకిస్తుంది", కానీ అది వడకట్టదు. పగులులో పడ్డ మురుగు ఎంత దూరం, ఎటు పోతుందో పైనుంచి ఎవరూ చెప్పలేరు. అందుకే మొరం కింద రాయి తగిలితే దాన్ని అడ్డుగోడగా కాకుండా నీటి మట్టంలాగే లెక్కించండి. సోక్ పిట్ అడుగు దానికి పైనే ఉండాలి.

## 4. మట్టిని చేత్తో, సీసాతో చూడండి

రిబ్బన్ పరీక్ష. గుప్పెడు మట్టిలో రాళ్లు ఏరేసి, ముద్ద అయ్యేదాకా నీళ్లు కలిపి పిసకండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా బయటికి తోయండి.

- పట్టీ రాకుండా రాలిపోతే ఇసక పాలు ఎక్కువ.
- 2.5 సెంటీమీటర్ల లోపే తెగితే మధ్యరకం నేల. సోక్ పిట్‌కు ఆశ ఉంది.
- 2.5 నుంచి 5 సెంటీమీటర్లు వస్తే బంకపాలు బాగానే ఉంది. నెమ్మదిగా ఇంకుతుంది.
- 5 దాటి సాగితే బంకమన్ను. సోక్ పిట్ ఆలోచన పక్కన పెట్టుకోవాల్సి రావచ్చు.

సీసా పరీక్ష. పారదర్శకమైన సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు డిటర్జెంట్ పౌడర్ వేసి బాగా గిలకొట్టి కదలకుండా పెట్టండి. ఇసక ఒకటి రెండు నిమిషాల్లో అడుగు చేరుతుంది. ఒండ్రు కొన్ని గంటల్లో దిగుతుంది. బంకకు ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పొరల మందం చూస్తే ఏది ఎంతుందో అంచనా దొరుకుతుంది.

ఈ రెండూ అంచనాకే. ఎంత సైజు కట్టాలన్నది వీటితో తేల్చకండి.

## 5. నీటి మట్టం ఎంత పైకి వస్తుందో కనుక్కోండి

పరీక్ష గుంతను ఒక రోజు వదిలేయండి. అడుగున నీళ్లు చేరితే నేల పైనుంచి ఆ నీటి వరకు కొలవండి. వాన పడుతుంటే పైన టార్పాలిన్ కప్పాలి, లేకపోతే మీరు కొలిచేది వాన నీళ్లనే.

నీళ్లు రాలేదంటే ఎప్పుడూ రావని కాదు. గుంత గోడల రంగు చూడండి. ఎర్రటి లేదా గోధుమ రంగు మట్టి మధ్య బూడిద రంగు మచ్చలు, తుప్పు రంగు చారలు ఉంటే ఏటా కొన్నాళ్లు అక్కడ నీళ్లు నిలుస్తున్నట్టు. గాలి ఆడని మట్టిలో ఇనుము రంగు మారడం వల్ల ఆ మచ్చలు వస్తాయి. అవి ఎక్కడ మొదలయ్యాయో అదే వానాకాలపు మట్టం అనుకోవడం క్షేమం. నల్లరేగడిలో మాత్రం ఈ మచ్చలు సరిగా కనబడవు, అక్కడ బావుల మీదే ఆధారపడాలి.

ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. "మా బోరులో 200 అడుగుల్లో నీళ్లు పడ్డాయి, కాబట్టి మట్టం చాలా లోతు" అంటారు. బోరు నీళ్లు లోతున రాతి పగుళ్ల నుంచి వస్తాయి. పైపొర మొరంలో నిలిచే నీటిని కేసింగ్ (బోరు పైభాగంలో దించే గొట్టం) బయటే ఆపేస్తుంది. మీకు కావాల్సింది ఆ పైపొర నీటి మట్టం. దాన్ని చూపేది చేద బావి లేదా మీరు తవ్విన గుంత.

గుర్తుంచుకోవాల్సిన కొలతలు:

- సోక్ పిట్ అడుగుకూ వానాకాలపు నీటి మట్టానికీ మధ్య కనీసం 2 మీటర్ల పొడి మట్టి ఉండేలా చూసుకోండి.
- నీటి మట్టం నేల నుంచి 1.8 మీటర్ల లోపే ఉంటే సోక్ పిట్ వద్దు. ఐఎస్ 2470 అలాంటి చోట నేల మీద దిబ్బ పోసి అందులో ఇంకించే కందకం పెట్టమంటుంది.

## 6. ఇంకుడు పరీక్ష: వరుస తప్పకుండా

కావాల్సినవి: గునపం, మేకు, సన్నని గులక, స్కేలు, తిన్నని కర్ర, గడియారం, కొన్ని బిందెల మంచి నీళ్లు. బురద నీళ్లు వాడితే ఆ మడ్డే రంధ్రాలను మూసేస్తుంది.

ఎక్కడ తవ్వాలి. ఇంకించే చోట కనీసం మూడు రంధ్రాలు తీయండి. లోతు కీలకం. కందకమైతే కందకం అడుగు మట్టంలో, సోక్ పిట్ అయితే దాని సగం లోతు మట్టంలో పరీక్షించాలి. పైమట్టిలో వేళ్లు, వానపాముల దారులు ఉండి నీళ్లు గబగబా దిగిపోతాయి. ఆ లెక్క పది అడుగుల కింద పనికిరాదు. ముందు వెడల్పాటి మెట్టు తవ్వించి, దాని మీద నుంచి రంధ్రం తీయండి. సగం లోతు కూడా ఛాతీ లోతు దాటితే గోడలను ఏటవాలుగా కోయించాకే దిగాలి.

రంధ్రం తయారీ. వెడల్పు 10 నుంచి 30 సెంటీమీటర్లు, గోడలు నిటారుగా ఉండాలి. గునపం రాసుకున్న చోట మట్టి నున్నగా మెత్తేసినట్టు అవుతుంది. మేకుతో గోడలు, అడుగు గీకి సహజమైన మట్టి బయటపడేలా చేయండి. రాలిన మట్టి తీసేసి, అడుగున 5 సెంటీమీటర్ల గులక వేయండి.

నానబెట్టడం. గులక మీద కనీసం 30 సెంటీమీటర్ల నీళ్లు పోసి 24 గంటలు నాననివ్వండి. తొందరపడి ఈ దశ వదిలేస్తే మిగతా పరీక్ష దండగ. వేసవిలో నల్లరేగడి నెర్రెలు బారి ఉంటుంది. బిందెడు నీళ్లు గుటుక్కున మింగేసి, "నీళ్లు బాగా ఇంకుతున్నాయి" అనిపిస్తుంది. నాని ఉబ్బాక అదే నేల చుక్క దిగనివ్వదు.

కొలవడం. మర్నాడు రంధ్రం మీద కర్ర అడ్డంగా పెట్టి, దాని నుంచి నీటి పైభాగానికి స్కేలుతో కొలవండి.

1. రాత్రి నీళ్లు ఇంకా మిగిలి ఉంటే, గులక మీద 15 సెంటీమీటర్లకు సరిచేసి, 30 నిమిషాల్లో ఎంత దిగిందో చూడండి. ఆ ఒక్క కొలత చాలు.
2. నీళ్లు మిగలకపోతే 15 సెంటీమీటర్లు పోసి, 30 నిమిషాలకోసారి కొలుస్తూ, మళ్లీ 15కు నింపుతూ 4 గంటలు చేయండి. చివరి 30 నిమిషాల దిగుడే లెక్క.
3. ఇసక నేలలో 15 సెంటీమీటర్లు అరగంట లోపే మాయమైతే, 10 నిమిషాలకోసారి గంటసేపు కొలిచి చివరి 10 నిమిషాలది తీసుకోండి.

ఇంకుడు రేటు: 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందన్నది. చివరి 30 నిమిషాల్లో 30 మిల్లీమీటర్లు దిగితే, 30 × 25 ÷ 30 = 25 నిమిషాలు.

మూడు రంధ్రాల్లో నెమ్మదైన లెక్కనే తీసుకోవడం నా పద్ధతి. ఒక్కటి మరీ తేడాగా వస్తే అక్కడ ఎలుక బొరియ, పాత పునాది, పోసిన మట్టి ఏదో ఒకటి ఉంటుంది. పక్కన మరొకటి తీసి చూడండి.

## 7. ఫలితాన్ని సైజుగా మార్చడం

ఒక చదరపు మీటరు మట్టి రోజుకు ఎన్ని లీటర్లు తీసుకోగలదో తేల్చే సూత్రం: 204ను ఇంకుడు రేటు వర్గమూలంతో భాగించాలి. రేటు 25 నిమిషాలైతే వర్గమూలం 5, అంటే దాదాపు 41 లీటర్లు.

ఐదుగురున్న ఇల్లు అనుకుందాం. మరుగుదొడ్డి నీళ్లు మాత్రమే ట్యాంకులోకి వెళ్తే మనిషికి 45 లీటర్ల చొప్పున 225 లీటర్లు. 225 ÷ 41 = సుమారు 5.5 చదరపు మీటర్లు. సోక్ పిట్‌లో నీళ్లు వచ్చే గొట్టానికి దిగువనున్న పక్క గోడలనే లెక్కించాలి. అడుగు కొన్నాళ్లకు మడ్డి పట్టి మూసుకుపోతుంది. 1.2 మీటర్ల వ్యాసం గుంతకు మీటరు లోతుకు 3.77 చదరపు మీటర్ల గోడ వస్తుంది. కాబట్టి గొట్టం కింద 1.5 మీటర్లు చాలు.

స్నానం, వంటగది, బట్టలుతికిన నీళ్లు కూడా అందులోకే పంపితే మనిషికి 135 లీటర్ల లెక్కన 675 లీటర్లు, 16.5 చదరపు మీటర్లు. గుంత 4.4 మీటర్లు దింపాలి. దింపకండి. 2.2 మీటర్ల గుంతలు రెండు తీయండి.

ఇప్పుడు నీటి మట్టంతో సరిచూడండి. మొదటి గుంత గొట్టం నేలకు 0.8 మీటర్ల కింద ఉంటే అడుగు 2.3 మీటర్లు. దానికి 2 మీటర్ల పొడి మట్టి కలిపితే 4.3. మీ వానాకాలపు మట్టం అంతకంటే పైన ఉంటే ఇంకుడు రేటు ఎంత బాగున్నా ఈ గుంత పనికిరాదు. వెడల్పు పెంచి లోతు తగ్గించాలి, లేదా కందకానికి మారాలి.

## 8. ఏ నేలకు ఏది

ఐఎస్ 2470 లెక్కలో ఇంకుడు రేటుకు మూడు మెట్లున్నాయి.

30 నిమిషాల లోపు: నీటి మట్టం లోతుగా ఉంటే సోక్ పిట్ లేదా కందకం.

30 నుంచి 60: సోక్ పిట్ కాదు, కందకం. లోతు 50 సెంటీమీటర్ల నుంచి మీటరు, వెడల్పు 30 సెంటీమీటర్ల నుంచి మీటరు. ఇక్కడ అడుగు వైశాల్యాన్ని లెక్కిస్తారు. రేటు 50 నిమిషాలైతే చదరపు మీటరుకు 29 లీటర్లు. 225 లీటర్లకు 60 సెంటీమీటర్ల వెడల్పుతో సుమారు 13 మీటర్ల పొడవు కావాలి. ఇంటి నీళ్లన్నీ అయితే 39 మీటర్లు, చిన్న ప్లాటులో పట్టదు.

60 దాటితే: నేలలోకి ఇంకించే ప్రయత్నమే వద్దు. ట్యాంక్ తర్వాత కింది నుంచి పైకి నీరు పారే గులకరాళ్ల ఫిల్టర్ కట్టి, శుద్ధయిన నీటిని కాలువకో చెట్లకో వదలాలి. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడి ఊళ్లలో చాలామందికి దారి ఇదే.

కోనసీమ లాంటి డెల్టా ఊళ్లలో నీరు చేతికందే లోతులో ఉంటుంది. దిబ్బ మీద కందకం తప్ప గత్యంతరం లేదు. అక్కడ వానల్లో ట్యాంక్‌ను పూర్తిగా ఖాళీ చేయించకండి, కింద నీటి ఒత్తిడికి ఖాళీ ట్యాంక్ పైకి లేస్తుంది.

సముద్ర తీరపు ముతక ఇసకలో సమస్య తిరగబడుతుంది. 25 మిల్లీమీటర్లు ఒక్క నిమిషంలోపే దిగిపోతే వడపోతకు సమయమే ఉండదు. అడుగు మూసి, గుంత చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసక నింపాలి.

పల్నాడు, నంద్యాల, తాండూరు వైపు సున్నపురాయి, నాపరాయి నేలల్లో మరింత జాగ్రత్త అవసరం. సున్నపురాయిని నీళ్లు కరిగించి సొరంగాలు చేస్తాయి, బెలుం గుహలు అలా ఏర్పడ్డవే. గుంతలో బొర్ర (డొల్ల) కనిపిస్తే అక్కడ సోక్ పిట్ వద్దు.

## 9. ఎదురయ్యే తప్పులు, సవరణలు

ఎండిన బోరులోకి మురుగు వదలడం. వందల అడుగుల కింది పగుళ్లలోకి మురుగును నేరుగా పంపడమే ఇది. వెంటనే గొట్టం తీసేసి, బోరును మట్టి, సిమెంటుతో మూయించండి.

వాన నీటి ఇంకుడు గుంతను, సోక్ పిట్‌ను పక్కపక్కన పెట్టడం. ఒకటి మట్టం పెంచుతుంది, ఇంకొకటి ఆ నీటిలో మురుగు కలుపుతుంది. రెండు వేర్వేరు మూలల్లో పెట్టండి, డాబా నీళ్లను సోక్ పిట్‌లోకి అస్సలు వదలకండి.

పోసిన మట్టిలో పరీక్ష. మెరక చేసిన ప్లాటులో ఒక చోట మొరం, ఒక చోట ఇటుక ముక్కలు ఉంటాయి. అసలు నేల తగిలేదాకా తవ్వి అక్కడ పరీక్షించండి.

పని మొదలయ్యాక లారీలు తిరగడం. పరీక్షలో పాసైన నేల మీదే ఇసక, కంకర దించుతారు. నేల గట్టిపడి ఇంకడం తగ్గిపోతుంది. పరీక్ష కాగానే ఆ చోటు చుట్టూ తాడు కట్టండి.

## 10. మేస్త్రీ చేతికిచ్చే కాగితం

నోటిమాటగా చెబితే రెండో రోజుకి మారిపోతుంది. ఒక పేజీలో రాసి, ఒక కాపీ ఇంజినీర్‌కు కూడా ఇవ్వండి:

- పొరలు, వాటి లోతులు, రాయి తగిలిన లోతు
- వానాకాలపు నీటి మట్టం, ఎలా తెలిసింది
- మూడు రంధ్రాల ఇంకుడు రేట్లు, లోతు, తేదీ
- ఏయే నీళ్లు ట్యాంకులోకి, ఏవి తోటలోకి
- సోక్ పిట్ లేదా కందకం కొలతలు, దాటకూడని అడుగు లోతు (ఎర్ర ఇంకుతో)
- మీ బోరుకు, పక్కవాళ్ల బోర్లకు దూరాలు

పని మొదలుపెట్టే ముందే మీ బోరు నీటిని ల్యాబులో పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. 100 మిల్లీలీటర్ల నమూనాలో ఈ కోలి (E. coli, మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) అసలు కనబడకూడదు. ఇంట్లో దిగాక మొదటి వానాకాలం ముగియగానే మళ్లీ చేయించి రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడండి. నైట్రేట్ పెరిగినా, ఈ కోలి కనిపించినా ఆ నీళ్లు తాగడం ఆపి, ముందు సోక్ పిట్ అడుగు ఎక్కడుందో, నీటి మట్టం ఎక్కడుందో కొలవండి.